పసుపు కొమ్ము, పొగాకు చాట

సంక్రాంతి వెళ్ళినది మొదలు హోలీ పండుగ వరకు కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల ప్రాంతపు పల్లెలలో పసుపు ఉడుకు వాసన గాలిలో నిలిచియుండును. మృగశిర కార్తెలో మొక్కజొన్నతో కూడ నాటిన పైరు ఎనిమిది తొమ్మిది నెలలు నేలలోనుండి, ఆకు పండి వాలిన తరువాత త్రవ్వబడును. తల్లిదుంపను గోళ యనియు, దానినుండి వ్రేళ్ళవలె సాగిన పిల్లదుంపలను కాడి యనియు ఇచటి రైతులు వేరుచేయుదురు. పిదప వానిని ఉడికించి, కళ్ళములో ఇంచుమించు రెండు వారములు ఎండబెట్టి, పీపాలలో వేసి త్రిప్పి మెరుగుపెట్టి, మెట్‌పల్లికో నిజామాబాదుకో తరలింతురు. వెనుకటి కడాయిల స్థానమున ఇపుడు ఆవిరి యంత్రములు వచ్చినవి. వాసన మాత్రము మారలేదు.

అదే ఊరిలో, తరచు అదే వాకిటిలో, మరియొక పని సాగుచుండును. స్త్రీలు ఒడిలో చాట పెట్టుకొని, తడిపిన తునికాకును కత్తెరతో కత్తిరించి, అందులో తంబాకు పొడి నించి, చుట్టి, కొస మడిచి, దారము కట్టుదురు. ఒక బీడీ తయారగుటకు పట్టు కాలము నిమిషములో సగమైన ఉండదు. సిరిసిల్లలో పురుషుడు మరమగ్గము మీదనుండగా ఇంటిలోని స్త్రీ బీడీల చాట ముందు కూర్చుండుట పెక్కు కుటుంబముల ఆనవాయితీ. పూర్వపు కరీంనగరు జిల్లాలోని భాగములై, 2016 అక్టోబరునుండి జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలుగా వేరుపడిన ఈ నేలమీద పసుపును పొగాకును ఇట్లు ఇరుగుపొరుగున బ్రదుకుచున్నవి. ఒకటి రాచపుండును తెచ్చునని లోకమంతయు నెరుగును. రెండవది దానిని పోగొట్టునని లోకములో సగము నమ్ముచున్నది.

ఆరోగ్య ప్రసంగములు ప్రసారమైన వారములందు మాకు వచ్చు ఉత్తరములలో రెండు ప్రశ్నలు మరల మరల కనబడుచుండును. రాత్రిపూట పాలలో పసుపు వేసికొని త్రాగువానికి బీడీ అంతగా హాని చేయదా యనునది ఒకటి. ఆసుపత్రి మందు మాని పసుపు మాత్రలు మ్రింగినచో కాన్సరు నయమగునా యనునది రెండవది. వీనికి ఒక్క మాటలో ఔననియో కాదనియో చెప్పుట మాకు తృప్తి కలిగింపలేదు. ఈ నమ్మకము ఎచటనుండి వచ్చినది, దానిని శాస్త్రజ్ఞులు ఎట్లు పరీక్షించిరి, ఆ పరీక్షలు ఏమైనవి యనునది తెలిసినగాని సమాధానమునకు విలువ యుండదు.

మొదట మన ఇండ్లలోని రసాయన శాస్త్రమును తలచుకొందము. పసుపులో సున్నము కలిపినచో ఎరుపగును. అదియే పెండ్లికూతురి పాదములకు పారాణి, దిష్టి తీయు ఎర్రనీళ్ళు. పసుపు నీటిలో కలిసినట్లు కనబడినను కరుగదు. ఒక గడియ కదలకుండ నుంచినచో అడుగున పేరుకొనును. నూనెలో వేసినపుడు మాత్రము నూనె పచ్చబడును. మూడవది, పసుపు అద్దిన బట్ట నీడను ఆరవేసినన్నాళ్ళు బాగుండి, ఎండకు వెలిసిపోవును. ఈ సంగతి మగ్గమునకు అద్దకమునకు అలవాటైన సిరిసిల్ల వారికి వేరుగ చెప్పనక్కరలేదు. సున్నముతో మారుట, నీట కరుగకుండుట, ఎండకు నిలువకుండుట అను ఈ మూడు గుణములను శ్రోతలు గుర్తుంచుకొనవలెనని కోరుచున్నాము. ముందు ముందు ఇవియే పెద్ద పెద్ద ప్రయోగశాలలను చిక్కులలో పెట్టినవి.

పసుపులోని పచ్చని పదార్థమును 1815లో వోగెల్, పెల్లెతియే అను ఇరువురు రసాయనవేత్తలు వేరుచేసి, దానికి కర్కుమిన్ అని పేరిడిరి. దాని అణువు కట్టుబాటు ఎట్టిదో తెలియుటకు మరి 95 సంవత్సరములు పట్టెను. 1910లో కొస్తానెక్కీ, మిలొబెండ్జ్కా, లాంపే అను పోలండు దేశీయులు దానిని నిర్ణయించిరి. ఇంతకాలము యూరపువారికి పసుపు అద్దకపు రంగు, పరీక్షా కాగితము మాత్రమే. క్షారమును పట్టి చూపు పసుపు కాగితము మన పారాణికి తమ్ముడే. 1949లో గాని ఈ పదార్థము సూక్ష్మజీవులను అణచునను వ్యాసము నేచర్ పత్రికలో వెలువడలేదు. గాయముపై పసుపు అద్దు అలవాటు గల మన అమ్మమ్మలకు ఆ పత్రిక అక్కరలేకపోయెను.

కాన్సరు ప్రస్తావన వచ్చుటకు ముందు ప్రాణవాయువు కథ చెప్పవలసియున్నది. కోసిన వంకాయ ముక్క గాలికి నల్లబడుట, ఇనుము త్రుప్పు పట్టుట, నిలువయున్న నూనె ముక్కిపోవుట యివి యన్నియు ఆమ్లజని చేయు పనులే. మనలను బ్రదికించు ఈ వాయువు మన శరీరములోపల కూడ ఇట్టి పని చేయవచ్చునని తొలుత గట్టిగ చెప్పినవారిలో రెబేకా గెర్ష్‌మన్ అను అర్జెంటీనా స్త్రీ ముఖ్యురాలు. అమెరికాలోని రోచెస్టరులో పనిచేయుచు ఆమెయు, సహచరులును 1954లో ప్రకటించిన వ్యాసము ప్రకారము, అధికమైన ఆమ్లజని చేయు విషమును, ఎక్స్ కిరణములు చేయు గాయమును ఒకే త్రోవలో నడుచుచున్నవి. రెండింటియందును ఫ్రీ రాడికల్ అను స్వేచ్ఛాకణములు పుట్టును. జత లేని ఎలక్ట్రాను గల ఈ కణములు ప్రక్కనున్న అణువునుండి ఒక ఎలక్ట్రానును లాగికొనును. పోగొట్టుకొన్న అణువు మరియొక దానిని పట్టుకొనును. ఈ దోపిడి వరుస జీవకణపు పొరలోనికి, అటనుండి డి.ఎన్.ఏ. లోనికి ప్రాకినచో వంశలిపిలో తప్పులు పడును. ఎక్స్ కిరణములను గూర్చిన మాటను కూడ శ్రోతలు మరువరాదు.

1969లో మెకార్డ్, ఫ్రిడోవిచ్ అను అమెరికనులు ఈ కణములను శాంతింపజేయు ఎంజైము మన రక్తములోనే యున్నదని చూపిరి. శత్రువు లేనిదే కోటకు కావలి యేల? కావున శత్రువు నిజమేనని అందరును నమ్మిరి. 1985లో జర్మనీకి చెందిన హెల్ముట్ సీస్ ఈ కణముల పుట్టుకకును వాని అణచివేతకును నడుమ త్రాసు ఒకవైపునకు మొగ్గుటకు ఆక్సీకరణపు ఒత్తిడి యని పేరుపెట్టెను. ఇంతలో 1976లో ఓ. పి. శర్మ యను భారతీయ శాస్త్రజ్ఞుడు కర్కుమిన్ ఆక్సీకరణమును నిరోధించునని ప్రయోగముతో చూపియుండెను. అనగా నూనె ముక్కిపోకుండ ఆపు గుణము పసుపులోనున్నది. ఊరగాయ జాడీలో పసుపు ఎందుకు పడునో అడిగినవారికి ఇదియొక జవాబు.

పొగాకు సంగతి చూడుడు. 1985లో విలియం ప్రయార్, ఆయన సహచరుడు లెక్కించి చెప్పినదాని ప్రకారము సిగరెట్టు పొగలోని ఒక్కొక్క దమ్ములో వేయి లక్షల కోట్ల స్వేచ్ఛాకణములు కలవు. బీడీలో పొగాకు తక్కువ గదా యనువారు ఒక సంగతి గమనింపవలెను. తునికాకులోనుండి గాలి సులభముగ చొరబడదు. ఆరిపోకుండుటకు మరల మరల పీల్చవలెను. అందుచే తారు, బొగ్గుపులుసు విషవాయువు సిగరెట్టుకంటె ఎక్కువగానే లోనికి పోవును. మరియు పొగాకు చేయు చెరుపు స్వేచ్ఛాకణములతోనే ముగియదు. బెంజోపైరీను, నైట్రోసమీనులు అను విషములు శరీరములో మార్పుచెంది, సూటిగ డి.ఎన్.ఏ.కు అతుకుకొనును. ఆక్సీకరణమును ఆపు మందు ఎంత గొప్పదైనను ఈ రెండవ త్రోవను పూర్తిగ మూయజాలదు.

పొగ త్రాగనివారి మాట యేమి? చాట ముందు కూర్చున్నవారు పొగ పీల్చరు. పొడి పీల్చుదురు, వ్రేళ్ళతో తాకుదురు. బీడీ పొగాకుతో పనిచేయువారి రక్తకణములలో క్రోమోసోముల వికృతులు ఎక్కువగ కనబడుచున్నవని బొంబాయి కాన్సరు పరిశోధనాలయమువారు 1990 దశకమున ప్రకటించిరి. పసుపు కళ్ళమునకును బీడీ చాటకును మధ్య పది అడుగుల దూరము గల మన వాకిళ్ళకు ఈ వార్త చేరవలసినంతగ చేరలేదని మా అభిప్రాయము.

పసుపును కాన్సరు మీదికి సూటిగ తెచ్చిన భారతీయులు కేరళవారు. త్రిసూరులోని అమల కాన్సరు ఆసుపత్రికి చెందిన రామదాసన్ కుట్టన్, ఆయన సహచరులు 1985లో పసుపు సారము గాజుపాత్రలలోని కాన్సరు కణములను చంపుచున్నదని వ్రాసిరి. 1987లో మరియొక వ్యాసమున 62 మంది రోగుల పైపుండ్లకు పసుపు సారమును, కర్కుమిన్ లేపనమును పూసి చూచిన ఫలితములను ఇచ్చిరి. పదింట తొమ్మిదిమందిలో పుండు దుర్వాసన తగ్గెను. దురద ఇంచుమించు అందరికిని తగ్గెను. పదింట ఏడుగురికి పుండు తడి ఆరెను. పుండు పరిమాణము, నొప్పి తగ్గినది మాత్రము పదింట ఒకనికే. రాచపుండుతో మంచమెక్కినవానికి దుర్వాసన తగ్గుట చిన్న మేలు కాదు. దగ్గర కూర్చుండుటకు బంధువులు వెనుదీయరు. కాని అది రోగము కుదురుట కాదు. ఈ రెండింటిని కలిపివేసి చెప్పుటతోనే తరువాతి గందరగోళము చాలవరకు మొదలయ్యెను.

ఇక మన హైదరాబాదు. 1918లో కూనూరులో చిన్న బెరిబెరి పరిశోధనశాలగ పుట్టి, 1958లో హైదరాబాదునకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థయను పేరు తాల్చిన సంస్థ మనకు తార్నాక ప్రక్కన కలదు. అచటి డాక్టర్ కమలా కృష్ణస్వామి, కల్పగం పొలాస, మరి ఇరువురు శాస్త్రజ్ఞులు 1992లో ప్రకటించిన ఒక చిన్న వ్యాసమే ఈ ప్రసంగమునకు మూలము. జగిత్యాల ప్రక్కననే పొలాస యను ఊరుండుట, అందు ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన కేంద్రముండుట శ్రోతలకు తెలిసినదే. ఇంటిపేరును ఊరిపేరును ఒకటియగుట ముచ్చటగొలుపుచున్నది గాని అంతకుమించి దానినుండి ఏమియు లాగబోము.

వారు వేసికొన్న ప్రశ్న మన ఉత్తరములలోని మొదటి ప్రశ్నయే. పొగ త్రాగువాని శరీరములోనికి పోయిన విషములలో కొన్ని మూత్రములో వెలుపలికి వచ్చును. అవి జన్యువులను మార్చగలవా లేదా యని తెలిసికొనుటకు అమెరికాకు చెందిన బ్రూస్ ఏమ్స్ 1970 దశకమున ఒక ఉపాయము కనిపెట్టెను. ఒక విధమగు సూక్ష్మజీవిని ఆహారలోపముగల పాత్రలో పెంచి, దానిమీద అనుమానము గల పదార్థమును వేయుదురు. జన్యువు మారినచో ఆ జీవి ఆ లోపమును దాటి వృద్ధిచెంది చుక్కలు చుక్కలుగ కనబడును. చుక్కలు లెక్కపెట్టిన చాలును. హైదరాబాదు శాస్త్రజ్ఞులు ఏండ్ల తరబడి పొగ త్రాగుచున్న 16 మందికి దినమునకు ఒకటిన్నర గ్రాముల పసుపును 30 దినములు ఇచ్చిరి. అది చిన్న చెంచాలో సగము. మన కూరలలో పడుదానికి అందని మోతాదు కాదు. నెల ముగియునప్పటికి వారి మూత్రములోని జన్యువికార పదార్థములు చెప్పుకొనదగినంతగ తగ్గెను. పొగ త్రాగని ఆరుగురిలో ఏ మార్పును లేదు. కాలేయమునకు గాని, రక్తములోని చక్కెరకు గాని ఏ చెరుపును కలుగలేదు.

ఈ ప్రయోగము మాకు ఎందుకు నచ్చినదో చెప్పవలెను. ఇందులో మాత్ర లేదు, సారము లేదు. వంటింటి డబ్బాలోని పసుపే కలదు. ఎలుకలతో గాక మనుష్యులతో నడచినది. ప్రగల్భము లేదు. అయినను దీని హద్దులు దీనికున్నవి. 16 మంది యనగా ఒక చిన్న వాడలోని మగవారు. మూత్రములో విషము తగ్గుట ఒక గుర్తు మాత్రమే. ముప్పది దినములలో రాచపుండు రాదు, పోదు. ఏండ్ల తరువాత వారిలో ఎందరికి రోగము వచ్చునో చూచుట ఈ ప్రయోగపు పని కాదు. అదే సంస్థవారు 1998లో హ్యామ్‌స్టర్ అను ఎలుక జాతి జంతువుల బుగ్గ సంచిలో విషముతో కాన్సరు పుట్టించి, పసుపు తినిపించిన వానిలో కణుతుల పెరుగుదల మందగించినదనియు, డి.ఎన్.ఏ.కు అతుకుకొను విషము తగ్గినదనియు చూపిరి. దారి సరియైనదేనని తోచుచుండెను.

ఆ సంస్థవారు పసుపుతోనే ఆగలేదు. ఉత్తరాంధ్ర సముద్రతీరమున కొందరు, ముఖ్యముగ స్త్రీలు, చుట్టను మండుచున్న కొన నోటిలోనుండునట్లు పెట్టుకొని పీల్చుదురు. అడ్డపొగ యని దీనికి పేరు. నిప్పు అంగిలికి ఎదురుగ నుండును. పిండ్‌బోర్గ్ అను డెన్మార్కు వైద్యుడు, ఫలీ మెహతా మొదలగువారు 10,169 మంది గ్రామస్థులను పరీక్షించి, వారి అంగిలిలోని మచ్చలను 1971లో వర్ణించియుండిరి. ఇట్టివారిలో కాన్సరునకు ముందు వచ్చు మచ్చలు గలవారికి విటమిన్ ఏ, రైబోఫ్లేవిన్, జింకు, సెలీనియము కలిపి ఒక సంవత్సరమిచ్చిన పరీక్షను హైదరాబాదువారు 1995లో ప్రకటించిరి. మందు తిన్నవారిలో సగమునకు మించి మచ్చలు పూర్తిగ మాసినవి. ఉత్త మాత్ర తిన్నవారిలో అట్లు మాసినది బహుకొద్దిమందికే. పోషకాహారము కరువైన శరీరమునకు లోటు తీర్చుట ఎంత పనిచేయునో ఇది చూపుచున్నది.

ఇట్టి ఫలితములను చూచి అమెరికా, యూరపు దేశములు అదివరకే పెద్ద పరీక్షలకు దిగియుండెను. ఫిన్లండులో 29,133 మంది పొగత్రాగు పురుషులకు కొందరికి క్యారెట్టు, ముదురాకుకూరలలోనుండు బీటా కెరోటిన్, కొందరికి విటమిన్ ఇ, కొందరికి ఉత్త మాత్ర ఏండ్ల తరబడి ఇచ్చిరి. 1994లో లెక్క తేలినపుడు అందరును నిర్ఘాంతపోయిరి. బీటా కెరోటిన్ తిన్నవారికి ఊపిరితిత్తుల కాన్సరు తగ్గుటకు బదులు నూటికి 18 వంతులు ఎక్కువగ వచ్చెను. అమెరికాలో 18,314 మందితో, బీటా కెరోటిన్ విటమిన్ ఏలను కలిపి ఇచ్చి నడచుచున్న మరియొక పరీక్షలో నూటికి 28 వంతులు ఎక్కువ కనబడగా, దానిని 1996 జనవరిలో గడువునకు ముందే ఆపివేసిరి. ఆకుకూర తినువారికి మేలు చేసిన పదార్థమే, మాత్రగ మారి, పొగతో నిండిన ఊపిరితిత్తిలోనికి పోయి కీడు చేసెను.

ఈ వింతకు సాటియగు కథ ఒకటి మన భీమవరపు బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు జీవితములో ముందే జరిగియున్నది. లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వమున పనిచేసినవారు కాలేయమునందు, ఆకుకూరలయందు నుండు ఫోలిక్ ఆమ్లమును 1940 దశకమున తయారుచేసిరి. రక్తహీనతకు అది అమృతమువంటిది. బోస్టనులో పసిపిల్లల వైద్యుడు సిడ్నీ ఫార్బర్ రక్తకాన్సరు గల పిల్లలకు ఆ కోవకు చెందిన పదార్థములను ఇచ్చి చూడగా రోగము నెమ్మదించుటకు బదులు వేగిరపడెను. మంచి ఆహారము మంచి కణమునకును, చెడ్డ కణమునకును ఒకే విధముగ బలమిచ్చును. అంతట ఫార్బర్ ప్రశ్నను తలక్రిందులు చేసి, ఫోలిక్ ఆమ్లమునకు విరోధియైన అమినోప్టెరిన్‌ను సుబ్బారావు బృందమునుండి తెప్పించెను. 1948 జూనులో ప్రకటించిన వ్యాసము ప్రకారము 16 మంది పిల్లలలో పదిమందికి గుణము కనబడెను. అది తాత్కాలికమేయైనను కాన్సరునకు మందు గలదని లోకమునకు నమ్మకము కలిగించిన వ్యాసమది. సుబ్బారావు ఆ ఆగస్టులోనే కన్నుమూసెను. అమినోప్టెరిన్‌నకు తోబుట్టువైన మెథోట్రెక్సేట్ నేటికిని మన ఆసుపత్రులలో కలదు.

ఆక్సీకరణ నిరోధకముల విషయమున కూడ ఇట్టిదే జరిగినది. కాన్సరు కణము విపరీత వేగమున పెరుగుచు తనలో తానే స్వేచ్ఛాకణములను అధికముగ పుట్టించుకొనుచుండును. ఆ మంటలో అది కాలిపోవు ప్రమాదము దానికే యున్నది. 2014లో స్వీడనుకు చెందిన శాస్త్రజ్ఞులు ఊపిరితిత్తుల కణుతులు గల చుంచెలుకలకు విటమిన్ ఇ మొదలగు నిరోధకములను ఇయ్యగా కణుతులు మరింత వేగముగ పెరిగెను. గెర్ష్‌మన్ మాట ఇచట అక్కరకు వచ్చును. కాన్సరునకు ఇచ్చు కిరణచికిత్స పనిచేయునది స్వేచ్ఛాకణములను పుట్టించియే. మంట ఆర్పు నీళ్ళు ఇల్లు కాలునపుడు మేలు చేయును, వంట జరుగునపుడు కాదు.

ఇపుడు పసుపుయొక్క మూడు గుణములను మరల తలచుకొందము. సున్నముతో మారునన్న పదార్థము క్షారగుణము ఏ కొంచెమున్నను నిలువదు. మన రక్తమునకు కొద్దిగ క్షారగుణము కలదు. రక్తద్రవము కలుపని ద్రావణములో, శరీరపు వేడియందు, కర్కుమిన్ అరగంటలో నూటికి 90 వంతులు విరిగిపోవునని 1997లో తైవాను శాస్త్రజ్ఞులు చూపిరి. రక్తము కలిసినపుడు కొంత తాళునని కూడ వారే చెప్పిరి. నీట కరుగదు గనుక ప్రేగులనుండి రక్తములోనికి పోవుట అరుదు. బెంగుళూరులో 1998లో రెండు గ్రాముల కర్కుమిన్‌ను మనుష్యులకు ఒంటరిగ ఇచ్చినపుడు రక్తములో అది జాడయైన కనబడలేదనవచ్చును. మిరియాలలోని పైపరీన్ 20 మిల్లీగ్రాములు కలిపి ఇచ్చినపుడు 20 రెట్లు పెరిగెను. లేమికి 20 రెట్లు ఎంతయగునో శ్రోతలే ఊహింపవలెను. మిరియము కొన్ని ఇతర మందులను కూడ ఇట్లే రక్తములో పెంచును; అది అన్నివేళల మంచిది కాదు. ఎండకు నిలువని గుణమువలన ప్రయోగశాలలో సైతము దీనిని చీకటిలో దాచవలసివచ్చును.

హ్యూస్టను నగరమున జీర్ణగ్రంథి కాన్సరు గల 25 మందికి దినమునకు ఎనిమిది గ్రాముల కర్కుమిన్ ఇచ్చిన పరీక్ష 2008లో వెలువడెను. లెక్కకు వచ్చిన 21 మందిలో ఇద్దరిలో మాత్రమే కొంత గుణము కనబడెను. మామూలు పసుపులో కర్కుమిన్ నూటికి మూడు వంతులనుకొన్నచో ఎనిమిది గ్రాములనగా దినమునకు పావు కిలోకు మించిన పసుపు! ఏ వంటింటి లెక్కకును అది అందదు. ప్రేగులలో వందలకొలది కణుతులు మొలచు వంశరోగము గల 44 మందికి ఒక సంవత్సరము కర్కుమిన్ ఇచ్చిన పరీక్ష 2018లో వెలువడగా, ఉత్త మాత్రకును దానికిని భేదము కనబడలేదు. అంతకు ముందు 2017లో అమెరికా రసాయనవేత్తలు అదివరకు జరిగిన 120కి పైబడిన పరీక్షలను తిరుగవేసి, రోగికి గాని వైద్యునికి గాని ఏది మందో తెలియకుండ నడిపిన పరీక్షలలో ఒక్కటియు గెలువలేదని తేల్చిరి. ఈ రంగమున పేరెన్నికగన్న వ్యాసములు కొన్ని బొమ్మలలోని దోషములవలన పత్రికలే ఉపసంహరించుకొన్న అపకీర్తియు కలదు. పసుపు దోషము కాదది, తొందర దోషము.

ఒక గెలుపును మాత్రము చెప్పక తప్పదు. గాయములకు పసుపు వాడుటపై మిసిసిపీ విశ్వవిద్యాలయమునకు 1995లో అమెరికా ప్రభుత్వమిచ్చిన పేటెంటును మన శాస్త్ర పారిశ్రామిక పరిశోధనా మండలి, డాక్టర్ మషేల్కర్ నాయకత్వమున, పాత గ్రంథముల సాక్ష్యముతో ఎదిరించి 1997లో రద్దుచేయించెను. పసుపు మనదేయని అందరును ఒప్పుకొనిరి. అది ఏమి చేయగలదను ప్రశ్న వేరు.

ఆ ప్రశ్న మన రైతుల బేరములోనికి కూడ వచ్చి చేరినది. పచ్చదనము, కొమ్ము పొడవు చూచి ధర కట్టు కాలము పోయి, కర్కుమిన్ నూటికి ఎంతయని అడుగు కొనుగోలుదారులు వచ్చినారు. మద్దతు ధరకై, పసుపు బోర్డుకై జరిగిన ఆందోళనలో భాగముగ, జగిత్యాల, కోరుట్ల శాసనసభా స్థానములు గల నిజామాబాదు లోక్‌సభ నియోజకవర్గమున 2019లో 185 మంది అభ్యర్థులు నిలిచిరి. వారిలో అత్యధికులు రైతులే. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు నిజామాబాదు కేంద్రముగ ప్రారంభమయ్యెను. బోర్డు మంచి విత్తనమునకు, మంచి ధరకు పాటుపడినచో మాకు సంతోషమే. కాన్సరు మందుయను పేరుమీద అమ్మకము పెంచు ప్రచారమునకు మాత్రము అది దూరముగ నుండవలెనని మా కోరిక.

రెండవ ప్రశ్నకు ఇపుడు సమాధానము చెప్పవచ్చును. ఆసుపత్రి మందు మాని పసుపు మాత్రలను నమ్ముకొనుటకు ఏ పరీక్షయు ఆధారమీయలేదు. ఆ మందుతో కలిపి రహస్యముగ మ్రింగుట కూడ క్షేమము కాదు. రొమ్ము కాన్సరు గల చుంచెలుకల ఆహారములో కర్కుమిన్ కలిపినపుడు చికిత్స మందుయొక్క పట్టు సడలినదని 2002లో ప్రకటింపబడెను. సారపు మాత్రలు తిన్నవారికి కామెర్లు, కాలేయపు వాపు వచ్చిన సంగతులు 2019లో ఇటలీలో బయటపడెను. కూరలో, చారులో పడు పసుపునకు ఈ భయమేదియు లేదు. మాత్రలు తినుచున్నవారు ఆ సంగతి హైదరాబాదు ఎం.ఎన్.జె. కాన్సరు ఆసుపత్రిలోనైనను, ఊరి వైద్యునియొద్దనైనను దాచకుండ చెప్పవలెను.

మొదటి ప్రశ్నకు 1992 నాటి ఆ 16 మందియే ఇప్పటికిని మనకున్న దగ్గరి సాక్షులు. వారి మూత్రములో విషము తగ్గినది నిజము, తగ్గినది మాత్రమే. పొగాకు మానినవానికి పదేండ్లలో ఊపిరితిత్తుల కాన్సరు భయము, మాననివానితో పోల్చినచో, ఇంచుమించు సగమునకు దిగును. అంతటి ఫలితమును చూపిన పసుపు ప్రయోగము లేదు. చాట ముందు కూర్చున్న స్త్రీకి మానుట యనగా కూలి మానుట. కావున ఆమెకు ఈ మాట చెప్పునపుడు వేరొక పనిని కూడ చూపవలసియున్నది. తెలంగాణ ప్రభుత్వము బీడీ కార్మికులకిచ్చు నెలసరి భృతి వేరొక పని కాజాలదు. త్రాగువారికి మాత్రము, మానుటలో తోడుపడు ఉచిత ఫోను సంఖ్య 1800-11-2356 అని 2018 సెప్టెంబరునుండి బీడీ కట్టలమీదనే అచ్చగుచున్నది.